హోమ్ ఇన్‌స్పెక్షన్ సర్వీసులు: ముందు పాత రిపోర్ట్ ఒకటి చూపించమనండి

ఇల్లు కొనేముందు పని తెలిసినవాళ్లతో ఒకసారి చూపించుకుందాం అనుకునేవాళ్లకు నాలుగు దారులున్నాయి. ఒక్కడే వచ్చి, ఇల్లంతా తిరిగి, తనే కూర్చుని రిపోర్ట్ రాసిచ్చే సొంత ఇన్‌స్పెక్టర్ ఒకరు. యాప్‌లో బుక్ చేస్తే ట్యాబ్ పట్టుకున్న ఇద్దరిని పంపే కంపెనీ ఇంకొకటి. పునాది, కాలమ్, బీమ్‌ల బలాన్ని పరీక్షించే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ది వేరే లెక్క. ఇక నాలుగోది, అమ్మకం కుదిర్చే ఏజెంటే "మా మనిషి ఉన్నాడు, చూసిపెడతాడు" అని వెంటబెట్టుకొచ్చే సర్వీసు. బయటికి నలుగురూ చేసేది ఒకే పనిలా కనిపిస్తుంది. వాళ్లిచ్చే రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం పొంతనే ఉండదు.

ఈ సర్వీసులో మనకు ఏమొస్తుందో, ఏం రాదో ముందే తెలుసుకోవాలి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. హోమ్ ఇన్‌స్పెక్టర్ గోడ పగలగొట్టడు, టైల్ ఊడదీయడు, ఫాల్స్ సీలింగ్ విప్పడు, బీరువా జరపడు. ఆ రోజు ఆ రెండు మూడు గంటల్లో కంటికి కనిపించినవీ, తను ఆన్ చేసి చూడగలిగినవీ మాత్రమే చెబుతాడు. ఇంటికి విలువ కట్టడు, దస్తావేజుల జోలికి వెళ్లడు. వచ్చే వానాకాలం స్లాబ్ కారుతుందా అంటే జోస్యం చెప్పడు. ఇదివరకు కారిన మరకలుంటే చూపిస్తాడు, అంతే.

అమెరికాలో 1976లో మొదలైన ఏఎస్‌హెచ్‌ఐ అనే ఇన్‌స్పెక్టర్ల సంఘం తన సభ్యులకు పెట్టిన ప్రమాణాల్లో ఇంకో మినహాయింపు కూడా ఉంది. లోపం కనిపిస్తే రాయాలి గానీ, అది ఎందుకొచ్చింది, ఎలా బాగు చేయాలి, ఎంత ఖర్చవుతుంది, ఆ వస్తువు ఇంకెన్నేళ్లు పనిచేస్తుంది అన్నవి తప్పనిసరి కాదు. చెదలు, బూజు, ఆస్బెస్టాస్ వంటివీ ఆ పరిధిలోకి రావు. అంటే నిబంధనల ప్రకారం నిక్కచ్చిగా పనిచేసిన మనిషి కూడా మీకు పనికిరాని రిపోర్ట్ ఇవ్వవచ్చు. కారణం రాయాల్సిన పని లేకపోయినా రాసేవాడికే మీరు డబ్బివ్వాలి. అలాంటివాణ్ణి పట్టుకోవడానికి సర్టిఫికెట్లకన్నా, సమీక్షల్లోని నక్షత్రాలకన్నా నికరమైన దారి ఒకటుంది. యజమాని పేరు, చిరునామా చెరిపేసి పాత రిపోర్ట్ ఒకటి పంపమనండి. పంపనంటే ఆ నంబర్ అక్కడితో వదిలేయండి.

ఒకే గోడ, రెండు రాతలు

రిపోర్ట్ మందంగా ఉందని మురిసిపోకండి. 80 పేజీల పీడీఎఫ్‌లో 50 పేజీలు ఏ ఇంటికైనా సరిపోయే సూచనలే ఉండొచ్చు. తేమ గురించి రాసిన పేజీ తీయండి. నాసిరకం రిపోర్టులో ఇలా ఉంటుంది: "పడకగది గోడపై తేమ ఛాయలు గమనించడమైనది. అర్హులైన నిపుణులతో పరీక్ష చేయించుకోగలరు." కర్ర విరగదు, పాము చావదు. రేపు గోడ పెచ్చులూడినా "మేం రాశాం కదా" అంటారు, ఊడకపోయినా రాసిందేమీ తప్పు కాదు.

పని తెలిసినవాడు అదే గోడ గురించి ఇలా రాస్తాడు: "పడకగదిలో, స్నానాల గదిని ఆనుకున్న గోడ. నేల నుంచి 15 సెం.మీ. ఎత్తులో తేమ మీటర్ రీడింగ్ 38, 60 దగ్గర 24, 120 దగ్గర 11. ఎదురు గోడ మీద అంతటా 9 నుంచి 11. మీటర్ కలప స్కేల్ మీద ఉంది కాబట్టి ఇవి పోల్చుకోవడానికే, గోడలోని నీటి శాతాలు కావు. అవతలివైపు షవర్ మూలలో టైళ్ల సందుల్లో నింపిన గ్రౌట్ రాలిపోయింది. కుళాయిలన్నీ కట్టేసి 15 నిమిషాలు ఆగితే నీళ్ల మీటర్ ముల్లు కదలలేదు, కాబట్టి పైపు లీకు అయ్యే అవకాశం తక్కువ. షవర్ నేల కింద వాటర్‌ప్రూఫింగ్ పోవడమో, పునాది నుంచి చెమ్మ ఎక్కడమో కారణం కావాలి. తేల్చాలంటే షవర్ నేలపై 24 గంటలు నీళ్లు నిలబెట్టి మళ్లీ రీడింగులు తీయాలి. అలమర అడ్డున్నందున ఎడమవైపు మీటరు మేర గోడ చూడలేదు."

చివరి వాక్యాన్ని మళ్లీ చదవండి. చూడలేకపోయినదాన్ని చూడలేదని రాసే అలవాటున్న మనిషి మిగతా చోట్ల చూశానంటే నమ్మొచ్చు. నమూనా రిపోర్టులో ఇలాంటి వాక్యం ఒక్కటీ లేకపోతే ఆ ఇంట్లో సామానే లేదనుకోవాలి, లేదా మూసి ఉన్నవన్నీ బాగున్నట్టు లెక్కేశారనుకోవాలి.

ఆ అంకెల వరసకూ ఓ అర్థముంది. కిందినుంచి పైకి పోయేకొద్దీ తగ్గుతూ మీటరు ఎత్తులో మామూలైపోతే నీరు నేలవైపు నుంచి వస్తోంది. పైన ఎక్కువై కిందికి తగ్గితే స్లాబు నుంచో, పై అంతస్తు నుంచో దిగుతోంది. నడిమధ్య ఒక మచ్చ మేరకే ఎక్కువుంటే లోపల పైపును అనుమానించాలి. ఒకే చోట మీటర్ ఆనించి, ఎర్రలైటు వెలిగిన ఫొటో తీసి రిపోర్టులో అంటించేవాళ్లు ఈ వరస తీయరు. కాబట్టి నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చెప్పలేరు.

మీటర్ కూడా అబద్ధమాడుతుంది. రెండు సూదుల మీటర్ కొలిచేది విద్యుత్ నిరోధాన్ని. ప్లాస్టర్‌లో ఉప్పు పేరుకుని ఉంటే గోడ ఎండిపోయినా రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. తెల్లటి పొడి రాలే గోడ మీద ఒక్క రీడింగ్ చూసి "వాటర్‌ప్రూఫింగ్ అంతా చేయించాలి" అనేవాణ్ణి నమ్మొద్దు. సూదుల్లేని మీటర్ రెండు సెంటీమీటర్ల లోతు వరకే చూస్తుంది, వెనక లోహమున్నా ఎగిరిపడుతుంది. ఆ అంకెలకు నేరుగా అర్థం చెప్పుకోగలిగేది చెక్క మీదే. తలుపు చట్రంలో గానీ, కప్పు దూలంలో గానీ 20 శాతం దాటి అలాగే నిలిచి ఉంటే అక్కడ కుళ్లు పట్టే వీలుంది.

థర్మల్ కెమెరా మోజు

ప్రకటనల్లో ముందుగా కనిపించేది ఇదే. రంగురంగుల బొమ్మలు రిపోర్టుకు అందం తెస్తాయి కూడా. కానీ ఈ కెమెరాకు గోడ లోపల ఏముందో కనిపించదు, పైపొర వేడి మాత్రమే కనిపిస్తుంది. తడిగా ఉన్న చోట నీరు ఆవిరవుతూ గోడను చల్లబరుస్తుంది కాబట్టి నీలం మచ్చ పడుతుంది. ఏసీ గాలి తగిలిన చోటా అలాంటి మచ్చే పడుతుంది. బయట ఎండకు కాగిన గోడైతే తడంతా ఆ వేడిలో కలిసిపోయి ఏమీ కనిపించకపోవచ్చు. అందుకే నీలం మచ్చ పక్కన అదే చోట తీసిన తేమ మీటర్ రీడింగ్ లేకపోతే ఆ ఫొటోకు విలువ లేదు. నమూనా రిపోర్టులో ఇది వెతకండి, ఒక నిమిషం పని.

కెమెరా నిజంగా అక్కరకొచ్చేది కరెంటు బోర్డు దగ్గర. గీజర్, ఏసీ, కరెంటు స్టవ్ వంటి పెద్ద లోడ్లు అరగంట నడిపాక బోర్డు మూత తీసి చూస్తే వదులైన కనెక్షన్ పక్కవాటికన్నా వేడిగా వెలుగుతుంది. లోడు లేకుండా తీసిన బోర్డు ఫొటో అలంకారమే.

పగుళ్లు

ఎక్కువ భయపెట్టేవీ, ఎక్కువ తప్పుగా చదివేవీ ఇవే. వెడల్పు కొలవడానికి బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ ఇచ్చిన పట్టికను చాలామంది వాడతారు. 0.1 మి.మీ. లోపు పగులు లెక్కలోకి రాదు. 1 మి.మీ. దాకా రంగు వేసేటప్పుడు పూడ్చుకుంటే చాలు. 5 దాకా స్వల్పం, 5 నుంచి 15 మధ్యస్థం, 15 నుంచి 25 తీవ్రం, ఆపైన అతి తీవ్రం. వెడల్పు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని ఆ సంస్థే అంటుంది. పైగా ఆ పట్టిక ఇటుక గోడల కోసం. కాంక్రీట్ కాలమ్ మీద 1 మి.మీ. పగులు చూసి "స్వల్పం" అని రాసినవాడికి ఆ పట్టిక ఎందుకో తెలియదన్నమాట.

పగులు ఎటు పోతోంది, ఎక్కడ వెడల్పుగా ఉంది, రెండు అంచులూ ఒకే మట్టంలో ఉన్నాయా అన్నవి రాయాలి. ప్లాస్టర్ మీద సాలెగూడులా అల్లుకున్న సన్నగీతలు సిమెంట్ ఎండినప్పటివి, వాటితో ప్రమాదం లేదు. కాలమ్‌కూ ఇటుక గోడకూ మధ్య నిట్టనిలువు గీత రెండు పదార్థాలు వేర్వేరుగా సాగడం, కుంచించుకోవడం వల్ల వస్తుంది, అదీ మామూలే. ఇటుకల వరస వెంట మెట్లుమెట్లుగా ఏటవాలుగా పోయి పైకి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే పగులైతే, పునాది ఒకవైపు కుంగుతోందేమో చూడాలి. బీమ్ అడుగున, కాలమ్ అంచున చువ్వ వెంబడే నిలువుగా గానీ అడ్డంగా గానీ పోయే పగులు, దాని పక్కనే తుప్పు మరక కనిపిస్తే సంగతి వేరు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా 2 నుంచి 6 రెట్లు చోటు ఆక్రమిస్తుంది, లోపలినుంచి కాంక్రీట్‌ను నెట్టి పెచ్చులూడగొడుతుంది. దాని మీద సిమెంట్ పూసి రంగేస్తే పైన పటారం, లోన లోటారం. ఇల్లంతా పాత రంగే ఉండి, ఒక్క బీమ్ అడుగున మాత్రం కొత్త రంగు మెరుస్తుంటే ఇన్‌స్పెక్టర్ అక్కడ ఆగి సుత్తి పిడితో తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే పెచ్చు విడిపోయినట్టే.

ఇక్కడికొచ్చేసరికి హోమ్ ఇన్‌స్పెక్టర్ పని అయిపోతుంది, స్ట్రక్చరల్ ఇంజినీర్ పని మొదలవుతుంది. ఈ సరిహద్దు ఎక్కడుందో తెలిసి ఆగేవాడే మంచి ఇన్‌స్పెక్టర్. కొందరు రీబౌండ్ హ్యామర్ తెచ్చి నాలుగు దెబ్బలు కొట్టి "కాంక్రీట్ గట్టిగా ఉంది" అని సంఖ్య వేస్తారు. అది పైపొర గట్టిదనాన్నే చూపిస్తుంది. పైగా పాత కాంక్రీట్ గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌తో కలిసి పైపొరలో ఇంకా గట్టిపడుతుంది. అదే మార్పు చువ్వలను తుప్పు నుంచి కాచే క్షారగుణాన్ని తీసేస్తుంది. అంటే హ్యామర్ బాగుందన్న చోటే లోపల చువ్వ తుప్పు పడుతూ ఉండొచ్చు. ఇంజినీర్ అయితే చిన్న గంటు పెట్టి ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చల్లి చూస్తాడు. గులాబీ రంగుకు తిరిగిన భాగం ఇంకా క్షారంగా ఉన్నట్టు, రంగు రాని లోతు ఎంతో అంతవరకూ రక్షణ పోయినట్టు. ఆ లోతు చువ్వదాకా వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. పరీక్షకు గంటు పెట్టాలి కాబట్టి యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే దాన్నీ బేరంలో లెక్కేసుకోవాల్సిందే.

కరెంటు, నీళ్లు

సాకెట్లో పెడితే మూడు లైట్లు వెలిగే చిన్న టెస్టర్ ఇన్‌స్పెక్టర్లందరి జేబులోనూ ఉంటుంది. పనికొచ్చేదే, కానీ దానికి రెండు విషయాలు తెలియవు. న్యూట్రల్, ఎర్త్ తీగలు తారుమారైతే అది కనిపెట్టలేదు. ఎర్తింగే లేని పాత ఇంట్లో సాకెట్ వెనక న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ ముక్క తీగతో కలిపేసి ఉంటే "అంతా సవ్యం" అని లైట్లు వెలిగిస్తుంది. ఈ రెండోది ప్రాణాంతకం. ఆ న్యూట్రల్ ఎక్కడ ఊడినా ఫ్రిజ్ ఒంటికి కరెంటొస్తుంది. కాబట్టి ఇన్‌స్పెక్టర్ బోర్డు మూత తీస్తాడా, లూప్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్ వాడతాడా అని ఫోన్లోనే అడగండి. "సాకెట్లన్నీ చెక్ చేస్తాం" అన్నది దీనికి జవాబు కాదు.

కరెంటు లీకైతే సరఫరా కోసేసే ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది, బాగుంది అని రాసేస్తారు. బటన్ చూపించేది లోపలి యంత్రాంగం కదులుతోందని మాత్రమే. మనిషి రక్షణకు పెట్టే 30 మిల్లీయాంపియర్ల రకమైతే 15 దగ్గర పడకూడదు, 30 దగ్గర 300 మిల్లీసెకన్లలోపు పడాలి. సాకెట్ దగ్గర ఆర్‌సీసీబీ టెస్టర్ పెట్టి ఇవి కొలిచిన అంకెలు రిపోర్టులో ఉంటే ఆ ఇన్‌స్పెక్టర్‌కు ఒక మార్కు ఎక్కువేయొచ్చు. బోర్డులో ఇంకోటి చూడాలి: తీగ మందానికీ ఎమ్‌సీబీకీ (లోడు మించితే పడిపోయే స్విచ్) లంకె. 1.5 చ.మి.మీ. తీగకు 32 ఆంపియర్ల ఎమ్‌సీబీ బిగించి ఉంటే తీగ కాలిపోయాక గానీ అది పడదు. ఊరికే పడిపోతోందని పెద్దది వేయించుకున్న ఇళ్లలో కనిపించే తప్పు ఇది.

నీళ్ల విషయంలో ప్రెషర్ గేజ్ ఒక్కదాన్నే నమ్మితే మోసపోతారు. పాత ఇనుప పైపు లోపల తుప్పుతో పూడుకుపోయినా, కుళాయి కట్టేసి ఉన్నప్పుడు గేజ్ పూర్తి ప్రెషరే చూపిస్తుంది. నీళ్లు పారించి చూడాలి. 10 లీటర్ల బకెట్ ఒక నిమిషంలో నిండుతుందా, పక్క కుళాయి కూడా తిప్పితే ఎంతసేపు పడుతుంది అన్నదే లెక్క. ట్యాంకు మట్టం కుళాయికన్నా 10 మీటర్ల ఎత్తుంటే దాదాపు 1 బార్, 3 మీటర్లే అయితే 0.3. పై అంతస్తు షవర్ సన్నగా రావడానికి లోపం ఉండక్కర్లేదు, ఎత్తు చాలకపోవచ్చు. ఈ తేడా రాసే ఇన్‌స్పెక్టర్ మీకు అనవసరపు పైపుల ఖర్చు తప్పిస్తాడు. వాష్‌బేసిన్ నిండా నింపి ఒక్కసారిగా వదిలి, అదే సమయంలో ఫ్లష్ చేసి వినాలి. పక్క ట్రాపులోంచి (వాసన రాకుండా నీళ్లు నిలిచే పైపు వంపు) గుడగుడ శబ్దం వస్తే గాలి గొట్టం మూసుకుపోయినట్టు. చాన్నాళ్లుగా ఖాళీగా ఉన్న ఇంట్లో మురుగు వాసన వస్తే మాత్రం ముందే కంగారు పడొద్దు, ట్రాపులో నీళ్లు ఎండిపోయి ఉంటాయి.

డాబా గురించి రెండే మాటలు. ఎక్కి చూడనివాడు ఎక్కలేదని రాయాలి. వాన వెలిసిన 48 గంటల తర్వాతా నీళ్లు నిలిచే ఉంటే వాలు లోపమే. ఇంటి చుట్టూ నేల కూడా మొదటి 3 మీటర్లలో 15 సెం.మీ. అయినా బయటికి వాలి ఉండాలి. గోడవైపు వాలి ఉంటే పైన చెప్పిన తేమ రీడింగులకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నలుగురిలో ఎవరు

ఇరవై ముప్పై ఏళ్ల ఇంటికి, పై అంతస్తు తర్వాత కట్టిన ఇంటికి, గోడలు తీసి గదులు కలిపిన ఇంటికి మా ఓటు అనుభవమున్న సొంత ఇన్‌స్పెక్టర్‌కే. అతనికి అనుమానం వచ్చిన చోట ఇంజినీర్. బ్రిటన్‌లో ఆర్‌ఐసీఎస్ అనే సర్వేయర్ల సంస్థ ఇళ్ల సర్వేలను మూడు స్థాయులుగా పెట్టి, పాతవాటికీ మార్పులు చేసినవాటికీ మూడో స్థాయిని కేటాయించింది. అలాంటి స్థాయులు లేని చోట కూడా ఆ లెక్కే పాటించొచ్చు: ఇల్లు ఎంత పాతదైతే, ఎంత మారితే, అంత లోతైన పరీక్ష. సొంత ఇన్‌స్పెక్టర్‌తో ఇబ్బంది ఒకటే. అతని బలహీనత ఏదైతే అదే మీ రిపోర్టులో కన్నమవుతుంది. సివిల్ పనిలోంచి వచ్చినవాడు కరెంటు పేజీని మూడు లైన్లలో ముగిస్తాడు. నమూనా రిపోర్టులో ఏ భాగం పలచగా ఉందో చూసుకుని ఆ ఒక్కదానికి వేరే మనిషిని పెట్టుకోండి.

యాప్ కంపెనీలు కొత్త ఇంటికి బాగానే పనికొస్తాయి. కొత్త ఇంట్లో కావాల్సింది ఓపికగా లెక్కపెట్టడం: డొల్ల టైళ్లు, ఒరుసుకుంటున్న తలుపులు, సరిగా మూసుకోని కిటికీలు, వాలు తప్పిన బాత్‌రూమ్ నేల, పనిచేయని సాకెట్లు. చెక్‌లిస్టు పట్టుకున్న కుర్రాళ్లు ఈ పని విసుక్కోకుండా చేస్తారు, ఫొటోలు వరసగా పెడతారు, బిల్డర్‌కు పంపడానికి అది చాలు. పాత ఇంటికి ఇదే చెక్‌లిస్టు సరిపోదు. ఎందుకంటే అక్కడ ఒక గుర్తును ఇంకో గుర్తుతో ముడిపెట్టి చూడాలి, చెక్‌లిస్టులో ఆ గడి ఉండదు. ఈ కంపెనీల్లో ఇంకో చిక్కు, అమ్మేటప్పుడు మాట్లాడే నిపుణుడు వేరు, ఇంటికొచ్చేది వేరు. వచ్చే మనిషి ఎవరు, ఎన్నాళ్లుగా చేస్తున్నాడు, రిపోర్ట్ రాసేది అతనేనా అని అడిగి మెసేజ్‌లో తెప్పించుకోండి. ఇల్లు చూసిన మనిషి ఒకడు, ఫొటోలు చూసి రిపోర్ట్ రాసేది వేరొకడు అయితే ఫొటోలో పడనిది రిపోర్టులోకి రాదు.

చవక అన్నది కూడా లెక్కేసి చూడండి. ఓ మాదిరి ఫ్లాట్‌కు రెండు గంటలు, విడి ఇంటికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఆపైన రాయడానికి టైము, దారి ఖర్చు. రోజుకు నాలుగిళ్లు చూస్తే తప్ప గిట్టుబాటు కాని ధర చెప్పినవాడు మీ ఇంట్లో మూడు గంటలు ఉండలేడు. అతని తప్పు కాదు, లెక్క అంతే.

నాలుగో రకం, ఏజెంటు తెచ్చిన మనిషి. పనిమంతుడే కావచ్చు. కానీ అతనికి వచ్చే నెల పని ఇచ్చేది మీరు కాదు, ఏజెంటు. అమ్మకం చెడగొట్టిన ఇన్‌స్పెక్టర్‌ను ఏజెంటు మళ్లీ పిలవడు. ఈ ఒక్క కారణానికే వద్దంటున్నాం. అలాగే లోపం చూపించి, మా మేస్త్రీలే బాగు చేస్తారు అనేవాళ్లను కూడా. కాలిఫోర్నియాలో ఇన్‌స్పెక్టర్‌కు లైసెన్సే అక్కర్లేదు, కానీ తను రిపోర్ట్ ఇచ్చిన ఇంటికి 12 నెలలపాటు తనే డబ్బు తీసుకుని రిపేర్లు చేయకూడదని చట్టంలో ఉంది. మీ దగ్గర అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, ఒప్పుకున్నప్పుడే ఆ షరతు మీరే పెట్టొచ్చు.

సంతకం పెట్టేముందు, వచ్చే రోజు

ఒప్పంద పత్రంలో "బాధ్యత చెల్లించిన ఫీజుకే పరిమితం" అన్న వాక్యం వెతకండి. ఉంటుంది. అంటే అతను చూడకుండా వదిలేసిన లోపం వల్ల ఎంత నష్టమొచ్చినా తిరిగొచ్చేది ఫీజే. ఆ వాక్యం తీసేయించడం కష్టం గానీ, వృత్తిపరమైన బీమా ఉందా అని అడిగితే ఉన్నవాళ్లు కాగితం చూపిస్తారు. ఫిర్యాదుకు గడువెంతో, రిపేర్ల తర్వాత మళ్లీ వచ్చి చూడటానికి వేరే ఫీజా కాదా అన్నవీ అక్కడే తేలాలి. చెదలు, రేడాన్ (నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు), మురుగు పైపులో కెమెరా, ఆస్బెస్టాస్ శాంపిల్ వీటిలో ఏవీ మామూలు ఫీజులో ఉండవని అనుకునే మాట్లాడండి. రేడాన్ ఉన్న ప్రాంతమైతే తలుపులు, కిటికీలు మూసి కనీసం 48 గంటలు పెట్టే పరీక్ష అది, మూడు గంటల్లో వచ్చిపోయేవాడి చేతిలో పని కాదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజు కరెంటు, నీళ్లు, గ్యాస్ ఆన్‌లో ఉండాలి. డాబా, మీటర్ గది, సంపు తాళాలు దగ్గరుండాలి. కరెంటు లేని ఖాళీ ఇంటిని చూపిస్తే సగం రిపోర్ట్ "పరీక్షించలేదు" అనే వస్తుంది, ఫీజు మాత్రం పూర్తిది. సింకుల కింద సామాను తీయించమని అమ్మేవాళ్లకు ముందురోజే చెప్పండి. వీలైతే వాన పడిన మర్నాడు పెట్టుకోండి. మీరు వెంట ఉండండి, కానీ మొదటి గంట మాట్లాడకండి, తన వరసలో తనని పోనివ్వండి. కొనేవాళ్లు వెంట రాకూడదనే ఇన్‌స్పెక్టర్ మనకొద్దు. చివర్లో అరగంట తీసుకుని, "ఇందులో ఏ మూడింటికి ముందు ఖర్చు పెట్టాలి?" అని అడగండి. కాగితం మీద జంకేవాళ్లు కూడా నోటితో చెబుతారు. చెప్పింది విని, "ఆ మూడూ రిపోర్టులో మొదటి పేజీలో పెట్టండి" అనండి.

రిపోర్ట్ మర్నాడో, ఆ మర్నాడో వస్తుంది. అప్పటికి ఇల్లు కొనే ఒప్పందంలో మీ గడువు మిగిలి ఉండేలా రోజు ముందే చూసుకోవాలి, లేకపోతే దాంతో బేరమాడే వీలుండదు. అమ్మేవాళ్లు రిపేర్లు చేయించి ఇస్తామంటే ఏది చేస్తారో రిపోర్టులోని అంశం నంబర్‌తో సహా రాయించుకోండి. "తేమ సమస్య సరిచేస్తాం" అంటే రంగు వేసి ఇస్తారు. మళ్లీ చూడటానికి ఇన్‌స్పెక్టర్‌ను పని అంతా అయ్యాక పిలవడం మామూలుగా చేసే పొరపాటు. షవర్ నేల కింద వాటర్‌ప్రూఫింగ్ పొర వేశాక, టైల్స్ పరచకముందు ఓ రోజు ఉంటుంది. నీళ్లు నిలబెట్టే 24 గంటల పరీక్ష కూడా ఆ రోజే జరగాలి. అతన్ని ఆ రోజుకే బుక్ చేయండి.